ఐదు నిమిషాల ఎపాక్సీనా, తెల్లారేదాకా ఆగేదా: విరిగిన వస్తువుకి ఏ గమ్ము కొనాలి?

మా పర్లాకిమిడిలో హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి, విరిగింది అతికించడానికి ఏదైనా ఇమ్మంటే కౌంటర్ మీద నాలుగు రకాలు పెడతారు. షాపాయన ఒడియాలో చెబుతాడు. ప్యాకెట్ మీద హిందీ, ఇంగ్లీషు ఉంటాయి. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినా చాలా ఇళ్లలో మాట తెలుగే. చదవడం కూడా తెలుగు ఒక్కటే వచ్చిన పెద్దవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వాళ్లు ఆ చిన్న అక్షరాలతో కుస్తీ పట్టకుండా, ఏది తొందరగా అంటుకుంటే అదే ఇమ్మంటారు. మొన్న నా ముందు నిలబడ్డ పెద్దావిడ కూడా అదే అడిగింది.

"బాబూ, బేగి అంటుకున్నది ఇయ్యి."

"దేనికి మావుసీ?"

"బకెట్టుకి. అడుగున సన్నగా చీరింది."

ఆయన ఐదు నిమిషాల ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపి పూసే గట్టి గమ్ము, తీసి పెట్టాడు. నేను ఊరుకోలేకపోయాను. "అమ్మా, బకెట్టుకి అది పట్టదండీ" అన్నాను. "పట్టకపోతే మరేటి సెయ్యాల?" అని అడిగింది. షాపులో నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

## టైమ్ సంగతి ఆఖర్న చూడండి

గమ్ము కొనేటప్పుడు అందరం ముందు అడిగేది ఎంతసేపట్లో అంటుకుంటుందనే. ఇంట్లో విరిగిన ప్రతిదీ పదేళ్లుగా నేనే అతికిస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, అది చివర అడగాల్సిన ప్రశ్న. దానికన్నా ముందు చూడాల్సినవి నాలుగున్నాయి.

మొదటిది, వస్తువు దేంతో చేశారన్నది. ఇక్కడే సగం డబ్బులు వృథా అవుతాయి. ప్లాస్టిక్ వస్తువైతే తిరగేసి చూడండి, అడుగున బాణాల త్రికోణం, దాని మధ్యలో ఒక అంకె ఉంటుంది. 2, 4 అంటే పాలిథిన్ రకాలు. 5 అంటే పాలీప్రొపిలీన్. మన బకెట్లు, మగ్గులు, స్టూళ్లు, ఫంక్షన్లలో వేసే కుర్చీలు, డబ్బాల మూతలు చాలావరకు వీటితోనే చేస్తారు. వీటి ఒళ్లు మైనం పూసినట్టు ఉంటుంది. ఎపాక్సీ దాని మీద గట్టిపడుతుంది గానీ పట్టుకోదు. మర్నాడు గోటితో గీకితే బిళ్లలా లేచి వచ్చేస్తుంది. అంకె చెరిగిపోయి ఉంటే ఇంకో దారి ఉంది. విరిగిన చోట నుంచి చిన్న ముక్క తీసి నీళ్లలో వేయండి. తేలితే ఆ మూడింట్లో ఒకటని దాదాపు ఖాయం, గమ్ము ఆలోచన మానేయండి. మునిగితే ఎపాక్సీ పట్టే అవకాశం ఉంది. రిమోట్లు, టార్చిలైట్లు, బొమ్మ కార్ల బాడీలు సాధారణంగా మునిగే రకం.

ఆ పెద్దావిడ బకెట్టు సంగతి ఇప్పుడు తేలిపోయింది. దానికి వేడి చేసిన ఇనపకాడతో అదే ప్లాస్టిక్ కరిగించి అతకడమే నమ్మదగ్గ దారి. అలా చేసే మనిషి దగ్గర్లో లేకపోతే దాంట్లో మట్టి పోసి కరివేపాకు మొక్క పెట్టుకోవచ్చు, చీలిక నీళ్లు పోయే దారిగా పనికొస్తుంది.

రెండోది, రెండు ముక్కల మధ్య సందు. పింగాణీ కప్పు రెండుగా పగిలితే ముక్కలు ఒకదాంట్లో ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చుంటాయి. చెక్క కుర్చీ కాలు కొన్నేళ్లు ఊగి ఊగి లూజైతే మధ్యలో బియ్యపుగింజ దూరేంత ఖాళీ ఉంటుంది. ఈ రెండింటికీ ఒకే గమ్ము సరిపోదు.

మూడోది, ఏ రకం బలం పడుతుందన్నది. ఒక పలక మీద ఇంకో పలకని జరపాలని చూసే బలాన్ని ఎపాక్సీ బాగా తట్టుకుంటుంది. అంచు పట్టుకుని స్టిక్కర్ ఒలిచినట్టు లాగితే లొంగిపోతుంది. వంగే వస్తువుల మీద అసలు నిలవదు. చెప్పు అడుగున వేసి చూడండి, పది అడుగులు వేసేసరికి పెళుసుగా చిట్లుతుంది.

నాలుగోది వేడి, నీళ్లు, ఎండ. వస్తువు పొయ్యి దగ్గర ఉంటుందా, రోజూ తోముతారా, డాబా మీద పడి ఉంటుందా?

ఇవన్నీ చూశాక అప్పుడు టైమ్. అది కూడా "నాకు ఎంత తొందరగా కావాలి" అని కాదు, "ముక్కల్ని కదలకుండా ఎంతసేపు పట్టి ఉంచగలను" అని. టేపుతోనో రబ్బరు బ్యాండుతోనో కట్టి పక్కన పెట్టగలిగే వస్తువుకి తొందర అక్కర్లేదు.

## ఐదు నిమిషాల ఎపాక్సీ

రెండు ట్యూబులు గానీ, జంట సిరంజి గానీ వస్తుంది. ఒకదాంట్లో రెజిన్ (అసలు గమ్ము), రెండోదాంట్లో హార్డనర్ (దాన్ని గట్టిపరిచేది). అరల్డైట్ పేరు మన వైపు ఎంత పాతుకుపోయిందంటే ఏ కంపెనీది ఇచ్చినా దాన్ని అరల్డైట్ అనే అంటారు. అదే పేరుతో మెల్లగా గట్టిపడే రకం కూడా ఉంది కాబట్టి పేరొక్కటే చెబితే చాలదు. ఏది కావాలో విడమరిచి అడగండి.

మామూలు జిగురు నీళ్లు ఆవిరై గట్టిపడుతుంది. ఎపాక్సీ అలా ఆరదు. రెండు భాగాలూ కలిసి రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. అందుకే గాలి తగలని లోపలి భాగం కూడా రాయిలా తయారవుతుంది, గట్టిపడ్డాక పెద్దగా కుంచించుకుపోదు, సందుల్ని నింపుతుంది. తొందరగా గట్టిపడే రకాల హార్డనర్‌లో సాధారణంగా మెర్కాప్టన్ జాతి గంధకపు రసాయనాలు ఉంటాయి. మూత తీయగానే వచ్చే కుళ్లిన గుడ్డు లాంటి వాసన వాటిదే. సరుకు పాడైందని షాపుకి తిరిగి పట్టుకెళ్లనక్కర్లేదు.

ప్యాకెట్ మీది "ఐదు నిమిషాలు" అన్న మాట దగ్గర చాలామంది పొరబడుతున్నారు. కలిపింది మీ చేతిలో పనికొచ్చే సమయం అది, అదీ 25 డిగ్రీల దగ్గర. ఆ లోపల పూసి, ముక్కలు కలిపేయాలి. వస్తువుని మెల్లగా కదపడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పూర్తి బలం రావడానికి 24 గంటలు కావాలి. కప్పు పిడి అతికించి పది నిమిషాలకే పట్టుకుని చూసి "ఊడిపోయింది, పనికిమాలిన సరుకు" అనేవాళ్లని చూశాను. సరుకు తప్పు కాదు, ఆగలేదంతే.

ఎండాకాలం లెక్క మళ్లీ వేరు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. మే నెల మధ్యాహ్నం గదిలో 38, 40 డిగ్రీలున్నప్పుడు మీ చేతిలో ఉండేది రెండు నిమిషాలు. నేనొకసారి మూడు వస్తువులకి ఒకేసారి సరిపోతుందని సీసా మూతలో గుట్టగా కలిపాను. మొదటిదానికి పూసి రెండోది చేతిలోకి తీసుకునేసరికి మూత వేడెక్కి, అందులోది తీగలు సాగి, చూస్తుండగానే గడ్డకట్టింది. మూత పట్టుకుంటే వేలు చురుక్కుమంది. గట్టిపడేటప్పుడు ఎపాక్సీ వేడి పుట్టిస్తుంది. గుట్టగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక చర్యని ఇంకా తరుముతుంది. అప్పట్నుంచి పాత టైలు ముక్క మీద పల్చగా పరిచి, ఒక్క వస్తువుకి సరిపడా మాత్రమే కలుపుతున్నాను. ఎండాకాలంలో ఈ పని పొద్దున్నే ఆరింటికి పెట్టుకుంటాను. మహేంద్రగిరి వైపు కొండ ఊళ్లలో జనవరి చలికి దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది, గంటైనా మెత్తగానే ఉండొచ్చు. కంగారుపడి హార్డనర్ ఎక్కువ వేయకండి. కొలత తప్పితే తొందరగా గట్టిపడదు సరికదా, ఎప్పటికీ జిగటగా మిగిలిపోతుంది.

లోపాలు దాచను. తొందరగా గట్టిపడేది మెల్లగా గట్టిపడేదాని కంటే బలంలో తక్కువ, పెళుసులో ఎక్కువ. 60 డిగ్రీల దగ్గరకొచ్చేసరికి మెత్తబడే రకాలే ఎక్కువ. ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు మీద ఆ వేడి సులువుగా వస్తుంది, మరిగే నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజుల తరబడి నీళ్లలో నానితే పట్టు వదులుతుంది. పారదర్శకంగా ఉన్నది ఎండ తగిలేకొద్దీ పసుపుపచ్చగా మారుతుంది.

మరి దేనికి మంచిది? చేత్తో తప్ప ఇంకో రకంగా పట్టి ఉంచలేని వాటికి. గుండ్రటి బొమ్మ తలకాయ, సొరుగు గుబ్బ, గొడుగు పిడి, ఫొటో ఫ్రేము మూల, ఊడిన గిల్టు నగ రాయి. బలం పెద్దగా పడని, వేడి తగలని, కుదురు లేని ఆకారాల దగ్గర దీనికి సాటి లేదు.

## మెల్లగా గట్టిపడే ఎపాక్సీ

షాపులో ఎవరూ అడగరు గానీ, నా మటుకు నేను నాలుగు పనుల్లో మూడింటికి దీన్నే వాడతాను. కలిపాక గంట దాకా తీరిక ఉంటుంది. తప్పుగా అతికితే విప్పి మళ్లీ సరిచేసుకోవచ్చు, నాలుగు వస్తువులకి ఒకేసారి కలుపుకోవచ్చు. రాత్రి భోజనాలయ్యాక అతికించి పెడితే తెల్లారి లేచేసరికి కదపచ్చు, ఆ రాత్రికి పూర్తి బలం వస్తుంది. లోహానికీ రాయికీ చెక్కకీ పట్టు ఎక్కువ, తడినీ వేడినీ ఐదు నిమిషాల దానికన్నా బాగా ఓర్చుకుంటుంది.

ఇబ్బంది ఒక్కటే, జారుతుంది. గంటల తరబడి పల్చగా ఉంటుంది కాబట్టి నిలువుగా పెట్టిన వస్తువు మీద నుంచి కిందికి కారిపోతుంది, ముక్కలు కూడా తెలియకుండా పక్కకి జరుగుతాయి. టేపు చుట్టాలి, లేదా వస్తువుని బియ్యం డబ్బాలో గుచ్చి అతుకు పైకి వచ్చేలా నిలబెట్టాలి. మధ్యలో మెల్లది పూసి, అంచున రెండు చుక్కలు ఐదు నిమిషాలది పెడితే అది క్లాంప్‌లా పట్టి ఉంచుతుంది. రెండింటినీ ఒకదాంట్లో ఒకటి మాత్రం కలపకండి, వేరువేరు చోట్ల పెట్టండి.

## ముద్ద ఎపాక్సీ

ఎమ్‌సీల్ అంటే తెలియనివాళ్లు ఉండరు. రెండు రంగుల ముద్దలు సమంగా తుంచి, చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. చపాతీ పిండి కలిపే ఓపికతో రెండు నిమిషాలు పిసకండి, చార మిగిలిన చోటే తర్వాత మెత్తగా ఉండి ఊడుతుంది. ఇది అతికించే గమ్ము కన్నా పూరించే సిమెంటు లాంటిదని అనుకుంటే దీన్ని ఎక్కడ వాడాలో తెలిసిపోతుంది. ముక్క పోయి గుంట పడ్డ చోట, ఇనపపైపు జాయింటు దగ్గర చెమ్మ కారేచోట, సిమెంటు తొట్టి అంచు పెచ్చు లేచిన చోట. గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్దచ్చు, రంధ్రం వేయచ్చు, రంగు వేయచ్చు. అందం మాత్రం ఆశించకండి.

పైపుకి వేసేటప్పుడు పైన వాల్వు కట్టేసి, ఆ భాగం పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి. నీళ్లు కారుతుండగా పైన ముద్ద తెచ్చి పెడితే లోపలి ఒత్తిడి దాన్ని నెట్టేస్తుంది. తడిలో కూడా పట్టే ప్రత్యేక రకాలు ఉన్నాయి, ప్యాకెట్ మీద ఆ మాట ఉంటేనే నమ్మండి. ఏదేమైనా మోటారు ఒత్తిడి పడే పైపుకి దీన్ని ప్లంబర్ వచ్చేదాకా పనికొచ్చే ఏర్పాటుగానే చూడండి.

## ఫెవిక్విక్ లాంటివి

ఐదు పది రూపాయల ట్యూబు, పది సెకన్ల పని. దీని రసాయనం పేరు సయనోఅక్రిలేట్. గాలిలోని, వస్తువు మీది తేమ తగలగానే గడ్డకడుతుంది. అందుకే మన వానాకాలంలో ఇంకా చురుగ్గా ఉంటుంది, మూత సరిగ్గా పెట్టకపోతే రెండోసారికి ట్యూబు రాయైపోతుంది. అచ్చుగుద్దినట్టు కూర్చునే ముక్కలకి ఒక్క చుక్క చాలు. ఎక్కువ పోస్తే పట్టు తగ్గుతుంది, చుట్టూ తెల్లగా బూడిద పట్టినట్టు అవుతుంది. సందు ఉంటే ఇది పనికిరాదు. తినే సోడా చల్లి దాని మీద చుక్క వేస్తే క్షణాల్లో గట్టి పూరణ అవుతుంది గానీ అది కూడా పెళుసే. కింద పడితే అతుకు దగ్గరే విరుగుతుంది.

పిల్లలున్న ఇంట్లో ఒక విషయం తప్పక తెలియాలి. ఇది నూలు గుడ్డ మీద, దూది మీద ఒలికితే వెంటనే బాగా వేడెక్కుతుంది, చర్మం కాలేంత. ఒంటి మీది బట్ట మీద పడితే గబగబా తీసేయండి. కారింది తుడవడానికి దూది వాడకండి. వేళ్లు అంటుకుపోతే బలంగా లాగొద్దు, గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లించినట్టు విడదీయాలి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూ ఆస్పత్రికి వెళ్లాలి, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

## ఎపాక్సీ వైపు చూడక్కర్లేనివి

చెప్పులు, బ్యాగులు, తోలు, రెగ్జిన్‌కి రబ్బరు గమ్ము. రెండు వైపులా పూసి పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటనంతగా ఆరాక ఒక్కసారిగా నొక్కాలి. చెక్కకి చెక్క బిగుతుగా కూర్చుంటే తెల్ల ఫెవికాల్, క్లాంపు, ఒక రాత్రి. అంతకన్నా మంచిది లేదు. సింకు అంచు, కిటికీ అద్దం చుట్టూ సిలికాన్. పీవీసీ పైపుకి పైపుల షాపులో దొరికే సాల్వెంట్ సిమెంటే వాడాలి, అది పైపు పై పొరని కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది.

## ఒక్క చూపులో

| విరిగింది | నా ఎంపిక | ఎందుకు |
|---|---|---|
| పింగాణీ బొమ్మ, అలంకారపు కప్పు | ఐదు నిమిషాల ఎపాక్సీ | చేత్తోనే పట్టుకోవాలి, బలం పడదు |
| పింగాణీ చిన్న ముక్క, సందు లేదు | ఫెవిక్విక్, ఒక్క చుక్క | అతుకు గీత కనబడదు |
| లూజైన కుర్చీ కాలు | మెల్ల ఎపాక్సీ | ఖాళీ నిండాలి, కుదుపులు తట్టుకోవాలి |
| గ్రానైటు గట్టు మూల విరిగితే | మెల్ల ఎపాక్సీ | బరువు, తడి రెండూ ఉన్నాయి |
| గోడలో వదులైన స్క్రూ రంధ్రం | ముద్ద | పూరించి మళ్లీ రంధ్రం వేయచ్చు |
| ఇనపపైపు చెమ్మ | ముద్ద, తాత్కాలికంగా | తర్వాత ప్లంబర్ని పిలవాలి |
| రిమోట్ వెనక మూత గొళ్లెం | ఐదు నిమిషాల ఎపాక్సీ | ముక్క నీళ్లలో మునిగితేనే |
| బకెట్టు, ప్లాస్టిక్ కుర్చీ | ఏదీ వద్దు | పట్టదు, కుర్చీ అయితే మనిషి పడతాడు |

## మీరెవరన్నదాన్ని బట్టి

ఏడాదికి రెండు మూడు వస్తువులు మాత్రమే అతికించే ఇల్లయితే జంట సిరంజి ఐదు నిమిషాలది ఒకటి, ఎమ్‌సీల్ ఒకటి చాలు. సిరంజి ఖరీదు కాస్త ఎక్కువైనా రెండూ సమంగా వస్తాయి, కొలత తప్పే టెన్షన్ ఉండదు. చేతులు వణికే పెద్దవాళ్లకి మాత్రం నేను మెల్లదే ఇస్తాను. ఐదు నిమిషాల్లో పూసి, కలిపి, సరిచేయాలంటే వాళ్లకి అన్యాయం. మెల్లది ఎన్నిసార్లు సరిచేసినా ఏమీ అనదు.

కాశీనగర్, గుమ్మ వైపు పల్లెల్లో ఉంటూ వస్తువు కోసం పర్లాకిమిడి దాకా రావాల్సినవాళ్లకి మెల్ల ఎపాక్సీ ట్యూబుల జత మంచి పెట్టుబడి. రెండూ వేరువేరుగా ఉన్నంతకాలం నిల్వ ఉంటాయి. ఫెవిక్విక్ ఒకసారి తెరిస్తే అంతకాలం ఆగదు. చలికి రెజిన్ పంచదార పట్టినట్టు గట్టిగా, తెల్లగా అయితే పారేయకండి. ట్యూబుని వేడి నీళ్లలో కాసేపు ఉంచితే మళ్లీ తేనెలా అవుతుంది, చల్లారాక వాడుకోవచ్చు.

అద్దె ఇంట్లో ఉంటూ గోడకి, టైలుకి ఏదో అతికించాలనుకునే కుర్రాళ్లకి నా సలహా, ఎపాక్సీ వద్దు. తర్వాత తీయాలంటే టైలు పెచ్చుతో సహా వస్తుంది.

ఇక తుపానులు చూసిన ఇళ్లవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన గజపతి జిల్లాలో ఎన్ని రేకులు లేచిపోయాయో గుర్తుండే ఉంటుంది. మిగిలిన ఆస్‌బెస్టాస్ రేకుల పగుళ్లకి ఎపాక్సీ వేద్దామని ఎమరీ పేపర్‌తో రుద్దొద్దు. ఆ దుమ్ములోని సన్నటి పీచు ఊపిరితిత్తుల్లో దిగితే క్యాన్సర్ దాకా తీసుకెళ్తుంది. రుద్దకుండా అంటించే తారు టేపు వేయండి, లేదా రేకు మార్పించండి.

## అతికించకూడనివి

గ్యాస్ పైపు, రెగ్యులేటరు, కుక్కరు, హెల్మెట్, నిచ్చెన, సైకిల్ ఫోర్కు. వీటికి ఏ గమ్మూ వద్దు. తినే తాగే పాత్రల లోపలి వైపు కూడా వద్దు, ఇంట్లో కలిపిన ఎపాక్సీ తిండికి తగలకూడదు. ఇత్తడి దీపపు కుంది కాడ ఊడితే నేనూ మొదట గమ్ముతోనే ప్రయత్నించాను. మూడు రోజులు నిలబడింది. నాలుగో రోజు ఒత్తి వేడికి కాడ మెల్లగా ఒరగడం చూసి గబుక్కున దీపం ఆర్పాను. నూనె ఒలికి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే. అలాంటివి కంచరి దగ్గరికి, లోహపు కళ్లజోడు మడత విరిగితే కళ్లజోళ్ల షాపుకి తీసుకెళ్లండి.

## కొంగ కాలు

మా ఊళ్లో పశువుల కొమ్ములతో కొంగలు, చేపలు, దువ్వెనలు చేస్తారని బయటివాళ్లకీ తెలుసు. మా షోకేసులోని నల్ల కొమ్ము కొంగకి ఒక కాలు మోకాలి దగ్గర విరిగింది. కాలు పెన్సిల్ ముల్లు కన్నా కాస్త లావు, అంతే. ఇక్కడ ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే వేసుకున్నాను. కొమ్ము మన గోరు లాంటి పదార్థమే, గరుకు చేస్తే ఎపాక్సీ పట్టుకుంటుంది. సందు లేదు, కాబట్టి ఫెవిక్విక్ కూడా సరిపోయేలా ఉంది. కానీ బొమ్మ బరువంతా ఆ రెండు కాళ్ల మీదే, దుమ్ము తుడిచిన ప్రతిసారీ గుడ్డ తగులుతుంది. ఆవగింజంత అతుకు దాన్ని మోయలేదు. టేపు చుట్టి వదిలేసే ఆకారమూ కాదు. కాబట్టి ఐదు నిమిషాలది, లోపల ఒక తీగతో.

రెండు ముక్కల్లోనూ సన్నటి డ్రిల్లు బిట్టుని వేళ్లతోనే తిప్పుతూ అర సెంటీమీటరు లోతు రంధ్రం వేశాను. పిన్నీసు తీగ ముక్క తుంచి అందులో పట్టేలా చూసుకున్నాను. ముందు పొడిగా కలిపి చూడటం మానకండి, గమ్ము పూశాక రంధ్రం వంకర అని తెలిస్తే చేసేదేమీ ఉండదు. విరిగిన అంచుల్ని, తీగని ఎమరీ పేపర్‌తో గరుకు చేసి, స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చాను. ఆ తర్వాత ఆ భాగాన్ని వేలితో తాకకూడదు, వేలి జిడ్డు చాలు పట్టు పోవడానికి. వాన రోజైతే వస్తువుని ఫ్యాను కింద అరగంట ఉంచాకే మొదలుపెట్టండి.

టైలు మీద రెండు గీతలు సమాన పొడవున పిండి, అగ్గిపుల్లతో నలభై సెకన్లు బాగా కలిపాను. చేతికి గ్లవ్స్ వేసుకోవాలి. ఎపాక్సీ పదే పదే తగిలితే కొంతమందికి చర్మం ఎర్రబడి దురద పుడుతుంది, ఒకసారి అలా మొదలైతే ప్రతిసారీ వస్తుంది. చర్మానికి అంటితే సబ్బునీళ్లతో కడగాలి, థిన్నర్‌తో కాదు. అగ్గిపుల్ల మొనతో రంధ్రాల్లోకి దించి, తీగకి పూసి, కాలు గుచ్చి పట్టుకున్నాను. ఎపాక్సీని గట్టిగా అదమకూడదు. అదిమితే గమ్మంతా బయటికి వచ్చేసి లోపల ఏమీ మిగలదు. పక్కకి ఉబికిన చిన్న పూసని జెల్లీలా ఉన్నప్పుడే బ్లేడుతో తీసేశాను, రాయయ్యాక తీస్తే కొమ్ము మీద గీత పడుతుంది. ఏడు నిమిషాలు పట్టుకుని, తర్వాత బియ్యం గిన్నెలో తలకిందులుగా గుచ్చి మర్నాటిదాకా వదిలేశాను. టైలు మీద మిగిలిన మరకని కూడా పారేయను. అది గోటికి లొంగకపోతే లోపలిది కూడా గట్టిపడిందని తెలుస్తుంది, వస్తువుని కదిపి చూడక్కర్లేదు.

పని అయ్యాక మూతలు పెట్టేటప్పుడు ఒక ట్యూబు మూత ఇంకోదానికి పెట్టకండి. మూతకి అంటిన రవ్వంత హార్డనర్ రెజిన్ మూతిని శాశ్వతంగా మూసేస్తుంది, ట్యూబు కోసి తీయాల్సి వస్తుంది. ట్యూబు మీది ఇంగ్లీషు అమ్మకి తెలియదు కాబట్టి రెజిన్ ట్యూబు, దాని మూత రెండింటి మీదా మార్కర్‌తో "రె" అని, రెండో జత మీద "హా" అని రాసిపెట్టాను. కింద కొన్న తేదీ కూడా.